ప్రమాణ పాదం

నా ఎడమకాలు బలహీనమైనదని మా శాఖ కనిపెట్టేదాకా ఆ సంగతి నాకు తెలియదు. పుట్టినప్పటినుంచీ దాంతోనే తిరుగుతున్నాను, ఒక్కరోజైనా అనుమానం రాలేదు. పాత అంబులెన్సు జీపు క్లచ్చి తొక్కీ తొక్కీ రోకలిబండలా తయారైన కాలది. నిద్రలో పొరపాటున తగిలితే మా ఆవిడ సత్యవేణి పక్కింటివాళ్లు లేచేలా తిడుతుంది. అలాంటి కాలిని పట్టుకుని బలహీనం అంటే ఒళ్లు మండదూ?

నా పేరు యర్రంశెట్టి భీమశంకరం. గోదావరి జిల్లాలో సత్వర స్పందన వాహన విభాగం అని ఒకటుంది, అందులో డ్రైవర్ని. ఎక్కడ ప్రమాదం జరిగినా, ఎవరి కొంపలంటుకున్నా మేం ముందు వెళ్లి వాలాలి. వాలుతూనే ఉన్నాం కూడా. అంతా సవ్యంగా జరిగిపోతుంటే పైవాళ్లకి తోచదు కదా, మా కమిషనర్ గారు విదేశాలు వెళ్లొచ్చారు. అక్కడెవరో కార్లని పొగలు కక్కేలా తోలుతూ, మూలమలుపుల్లో గిర్రున తిప్పుతూ ఆయనకి చూపించారట. దాన్ని పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ అంటారట. ఆయన విమానం దిగేసరికి ఆ విద్య మాకందరికీ వచ్చి తీరాలని నిర్ణయం అయిపోయింది. ఆయన వెనకే టర్బో కార్లు దిగాయి. క్లచ్చి లేదు, గేర్లు వాటంతటవే పడతాయి, కాలు ఆనిస్తే చాలు వీపు సీటుకి అతుక్కుపోతుంది. అబద్ధం ఎందుకూ, బండి బంగారం.

పాఠ్యప్రణాళిక తయారుచేసింది మా జాయింట్ డైరెక్టర్ గుండిమెడ విశ్వపతి గారు. ఆయనకి కారు నడపడం రాదు. అందుచేత నిష్పక్షపాతంగా రాశారు. మొదటి నియమం ఇది: "యాక్సిలరేటరుపై గల కుడికాలిని ఎట్టి పరిస్థితులయందును ఎత్తరాదు. బ్రేకును ఎడమకాలితో వేయవలెను. కుడికాలు ఎత్తుట వేగభంగముగా పరిగణింపబడును."

శిక్షణ ప్రారంభోత్సవం మా ఊరి బయట పాత రన్‌వే మీద పెట్టారు. ఎప్పుడో యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసింది. ఇప్పుడు రైతులు ధాన్యం ఆరబోసుకుంటారు. దాని చివర రొయ్యల చెరువు. రన్‌వే పొడుగునా డ్రమ్ములు పెట్టి మలుపులు చేశారు. పక్కన షామియానా వేసి, పెద్దలందరినీ కూర్చోబెట్టి, గారెలూ అల్లం పచ్చడీ పెట్టారు. కొబ్బరికాయ కొట్టగానే నన్ను బయల్దేరమన్నారు.

బయల్దేరాను. కుడికాలు అదిమే ఉంచాను. మొదటి మలుపులో ఎడమకాలితో బ్రేకు వేస్తే చక్కగా పట్టింది. రెండో మలుపులో కాస్త బిగిసింది. మూడోచోట తొక్కితే, ఓరి నాయనో, పెడల్ కాదది, బండరాయి! సీట్లోంచి లేచి నిలబడి తొక్కినా అంగుళం దిగలేదు. షామియానా ఎదురొస్తోంది. పెద్దలు నాలుగు దిక్కులా పరిగెత్తారు. గుడ్డ, గుంజలు, గారెల బేసిను అన్నీ ముందు అద్దం మీద వేసుకుని వెళ్లి ధాన్యపు రాశిలో దూరాక ఆగింది కారు. దేవుడి దయవల్ల ఎవరికీ గోరంత గాయం కాలేదు. నా ఒళ్లంతా అల్లం పచ్చడి.

"ఏమయ్యా, బ్రేకు వేయలేదేం?" అన్నారు విశ్వపతి గారు రొప్పుతూ.

"ఏశానండి. దిగలేదండి."

"దిగకపోవడమంటూ ఉండదు. నువ్వు దించలేదు."

విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు విశ్వపతి గారే. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు పోర్టికోలో కారు నీడన పెట్టి, ఏసీ కోసం ఇంజను ఆన్ చేయించి, లోపల కూర్చుని, చెప్పు విప్పి బొటనవేలితో బ్రేకు నొక్కారు. వెన్నలా దిగింది. మళ్లీ నొక్కారు. మళ్లీ వెన్నే. సభ్యులందరూ ఒకరి తర్వాత ఒకరు చల్లగా కూర్చుని నొక్కిచూసి, బాగుంది బాగుంది అనుకుంటూ దిగారు.

"నిలబెట్టి చూస్తే ఏం తెలుస్తుందండి? నడుస్తున్నప్పుడు కదండీ బిగుస్తుంది?" అన్నాను.

"నడుస్తున్న వస్తువును తనిఖీ చేయుటకు నిబంధనలు ఒప్పుకోవు. తనిఖీ అనగా వస్తువు ఒకచోట ఉండవలెను," అన్నారాయన. ఆయనకి కోపం వస్తే మాట గ్రాంథికంలోకి ఎక్కుతుంది.

బ్రేకు భేషుగ్గా ఉందని తేలాక దోషి ఒకటే మిగిలింది. నా కాలు. దాన్ని ప్రభుత్వాసుపత్రికి పంపించారు, దాంతోపాటు నన్నూ. డాక్టర్ పద్మలత గారు నా కథంతా విని, నన్ను బల్లమీద కూర్చోబెట్టి మోకాలి కింద రబ్బరు సుత్తితో టక్కున కొట్టారు. కాలు ఎగిరి ఎదుట ఉన్న స్టూలుని గోడకేసి కొట్టింది. ఆవిడ నవ్వాపుకుని, 'కాలు అవసరానికి మించి బలంగా ఉంది' అని రాసిచ్చారు. నేను ఆ కాగితం పట్టుకుని పండగ చేసుకుంటూ ఆఫీసుకి వచ్చాను.

విశ్వపతి గారు చదివి పెదవి విరిచారు. వెంటనే ఆవిడకి ఫోను కలిపారు.

"డాక్టర్ గారూ, మీరు కాలిని కూర్చోబెట్టి పరీక్షించారు. అది కదులుతున్న వాహనంలో ఎలా ఉంటుందో చూశారా?"

"మీరు కారుని నిలబెట్టే కదండీ చూశారు?" అందావిడ. ఫోను స్పీకర్లో ఉంది, అందరం విన్నాం.

"కారుకు తయారీదారు ఇచ్చిన ధ్రువపత్రం ఉన్నదమ్మా. ఈ కాలికి ఉన్నదా?" అని, ఫోను పెట్టేసి నావైపు తిరిగారు. "ఏం భీమశంకరం, నీ కాలికి తయారీదారు ఎవరు?"

"మా అమ్మండి."

"వారంటీ?"

మా అమ్మ పోయి చాలా కాలమైంది. ఉంటే వారంటీ ఏమిటో చీపురుకట్టతో చెప్పేది.

అలా నాకు 'చలనకాల పాద దౌర్బల్యం' అనే జబ్బు నిర్ధారణ అయింది. వైద్యశాస్త్రంలో లేదట. మా శాఖలో ఉంది. ఇక మెడికల్ బోర్డు కూర్చుని ముద్ర వేయడమే తరువాయి, డ్రైవరు పోస్టు పోతుంది. రికార్డు రూములో అటెండరుగా వేస్తారు. చీకటి గదిలో ఫైళ్లు దులుపుతూ, చెదపురుగులతో కాలక్షేపం చేస్తూ రిటైరవ్వాలి. నాకు తెలిసిన విద్య ఒక్కటే, స్టీరింగు. అది చేతిలో లేకపోతే నేనెవణ్ణి? ఆ రాత్రి అన్నం సయించలేదు.

"పోనీలెండి, ఫైళ్లయితే షామియానాల మీదకి పోవు," అంది సత్యవేణి చారు పోస్తూ.

"నా కాలు బలహీనమంటే నీకు నవ్వులాటగా ఉందా?"

"బలహీనమో కాదో నన్నొచ్చి అడగమనండి. నా డొక్క చూపిస్తాను. ఇంతకీ అంత వాదించేవారు, ఆ కారు కంపెనీవాణ్ణి పిలిపించమని అడగొచ్చుగా?"

నిజమే. మర్నాడు అడిగాను. కంపెనీనుంచి నిఖిలేష్ అని ఒక ఇంజనీరు వచ్చాడు. చక్కటి కుర్రాడు, టై కట్టుకున్నాడు. సంఘం ముందు నిలబడి ముక్కుసూటిగా చెప్పాడు.

"సార్, మన కాలిబలం ఒక్కటే బ్రేకుకి సరిపోదు. అందుకని సాయానికి ఒక డబ్బా ఉంటుంది. ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు ఆ డబ్బాలో గాలి కూడా లాగేస్తుంది. ఆ వెలితి వల్లే పెడల్ మెత్తగా దిగుతుంది. టర్బో గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఇంజన్లోకి గాలి పీల్చడం ఉండదు, ఊదడమే. అప్పుడు డబ్బాకి సాయం అందదు. లోపల మిగిలింది ఒకటి రెండు బ్రేకులకి వస్తుంది, ఆ తర్వాత పెడల్ రాయి. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మళ్లీ మామూలే, అందుకే నిలబెట్టి చూస్తే బాగా పనిచేస్తుంది. మామూలుగా నడిపేవాళ్లకి ఈ సమస్యే రాదు."

నాకు లేచి అతన్ని కావలించుకోవాలనిపించింది.

"పరిష్కారం?" అన్నారు విశ్వపతి గారు.

"చిన్న పంపు ఒకటి బిగిస్తే చాలు సార్. ఈ రకం డ్రైవింగ్ చేసేవాళ్లు బిగించుకుంటారు. లేదా అందరిలాగే కుడికాలు తీసి బ్రేకు వేయమనండి."

"కుడికాలు తీస్తే అది పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ ఎట్లా అవుతుంది? కమిషనర్ గారు అది చూసేగా వచ్చారు? ఇక పంపు. పంపు బిగించాలంటే బండిలో లోపమున్నదని రాయాలి. లోపం లేదని రాసి సంతకం పెట్టింది నేను. ఒకే సంతకం రెండు విధాల ఎట్లా ఉంటుంది?"

నిఖిలేష్ తన కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. నాకేసి జాలిగా చూశాడు. టీ ఇచ్చి పంపించేశారు.

అయితే అతను చెప్పినదాంట్లో ఒక ముక్క విశ్వపతి గారి బుర్రకి బాగా పట్టింది. వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. "నిశ్చల స్థితిలో బ్రేకు అత్యద్భుతముగా పనిచేయుచున్నట్లు సంఘము స్వయముగా నిర్ధారించినది. కావున డ్రైవర్లందరు వాహనము పూర్తిగా ఆగిన పిమ్మటనే బ్రేకు వేయవలెను. కదులుచున్న వాహనమున బ్రేకు వేయుట దుర్వినియోగముగా భావించి తగు చర్య గైకొనబడును."

"మరి బండి ఆగడం ఎలాగండి?" అని అడిగాను.

"అది డ్రైవరు నైపుణ్యానికి సంబంధించిన విషయం," అన్నారు.

నా కాలు పనికిరాదని ఒకపక్క ఫైలు నడుస్తుంటే, డ్రైవర్లు తక్కువగా ఉన్నారని ఇంకోపక్క బండి నాచేతే నడిపిస్తున్నారు. ఆ మధ్యాహ్నమే కబురొచ్చింది, ఫలానా ఊళ్లో ఒకతను కొబ్బరికాయలు దింపడానికి చెట్టెక్కి కళ్లు తిరిగి పైనే ఉండిపోయాడని. నిచ్చెనా వలా వేసుకుని బయల్దేరాం. నియమం ప్రకారం కుడికాలు ఎత్తలేదు. సర్క్యులరు ప్రకారం బ్రేకు ముట్టుకోలేదు. చెట్టు కింద జనం "అదిగో వచ్చేశారు!" అని కేకలు పెట్టారు. మరుక్షణం "అదిగో వెళ్లిపోతున్నారు!" అన్నారు. చెట్టుమీదివాడు మాకు చెయ్యూపాడు. నేనూ ఊపాను, మర్యాదకి.

రెండూళ్లు దాటాక పెట్రోలు అయిపోయి ఏటిగట్టు ఎక్కే దగ్గర బండి ఆగింది. అప్పుడు నియమం ప్రకారం బ్రేకు వేశాను. నిచ్చెన ఆటోకి కట్టుకుని వెనక్కి వచ్చేసరికి ఆ చెట్టెక్కినవాడు దిగి అరుగుమీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం బాబూ, మీరాగలేదని నేనే దిగిపోయాను. ఎండనపడి వచ్చారు, బొండాం తాగండి," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా తాగాను.

ఇలాంటివి ఇంకొన్ని జరిగాక పైనుంచి అక్షింతలు పడ్డాయి. విశ్వపతి గారు ఆలోచించి, ఒక కాలు బలహీనమైతే దానికి తోడు ఇంకో కాలు పెట్టాలని తేల్చారు. డ్రైవింగ్ స్కూలు బండికి ఉన్నట్టే పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు పెడల్ బిగించారు. పంపు బిగించడానికి అడ్డొచ్చిన సంతకం దీనికి అడ్డు రాలేదు, ఎందుకంటే ఇది బండి లోపానికి కాదు, కాలి లోపానికి. 'సహాయక పాదం' అని కొత్త పోస్టు సృష్టించారు. డిగ్రీ ఉండాలి, రెండు కాళ్లుండాలి. డ్రైవరు లిఖితపూర్వకంగా కోరితేనే సహాయక పాదం బ్రేకు తొక్కాలి. పైస్థాయి అధికారి కాలు బ్రేకుమీద ఉన్నప్పుడు కిందిస్థాయి ఉద్యోగి తన కాలు పెట్టడం అవిధేయత.

పోస్టులు నిండేలోపు ఆ పద్ధతి తానే ప్రారంభిస్తానన్నారు విశ్వపతి గారు. అదేరోజు సాయంత్రం మెడికల్ బోర్డు. "నా పాదంతో బండి ఆపి చూపిస్తాను. దానితో నీ పాదం సంగతి తేలిపోతుంది," అన్నారు నాతో. నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క తొక్కుడు మీద ఆధారపడింది.

మళ్లీ రన్‌వే. ఈసారి షామియానా దూరంగా వేశారు. విశ్వపతి గారు నాచేత ముందే కోరికపత్రం రాయించుకుని, పక్కసీట్లో బూట్లు విప్పి, కుంకుమ బొట్టు పెట్టిన పెడల్ మీద పాదం పెట్టి కూర్చున్నారు.

"సిలబస్ ప్రకారమేనాండీ?" అని అడిగాను.

"అక్షరాలా," అన్నారు.

సరే, అక్షరాలా నడిపాను. నేను కావాలనే నడిపాను, దాచేదేముంది. కుడికాలు అదిమి పట్టాను. మొదటి మలుపులో ఆయన తొక్కితే పట్టింది. నావైపు గర్వంగా చూశారు. రెండో మలుపులో కనుబొమలు ముడిపడ్డాయి. మూడోచోట ఆయన రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి, సీటుకి వీపు ఆనించి, పళ్లు బిగించి తన్నారు. బండరాయి.

"భీమశంకరం, నువ్వు కూడా తొక్కవయ్యా!"

"మీ కాలుండగా నా కాలు పెడితే అవిధేయత అవదాండీ?"

"తొక్కమంటుంటే!"

తొక్కాను, మనస్ఫూర్తిగా. ఆయన కాళ్లూ నా కాలూ కలిసినా కారు వేగం కాస్త తగ్గింది తప్ప ఆగే సూచన లేదు. రొయ్యల చెరువు గట్టు కనబడింది.

"కుడికాలు తియ్యవయ్యా బాబూ! నీ కాళ్లు పట్టుకుంటాను, తియ్యి!"

"వేగభంగమండి..."

"నీ వేగం తగలెయ్య, తియ్యి!"

తీశాను. బ్రేకుకి ప్రాణం వచ్చింది కానీ అప్పటికే గట్టు దాటేశాం. ముందు చక్రాలు చెరువులో దిగి, మోకాలి లోతు నీళ్ల కింద బురదలో కూరుకుని కారు ఆగింది. ఒక రొయ్య ఎగిరి విశ్వపతి గారి ఒళ్లో పడింది. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది, ఏసీ చల్లగా వస్తోంది. ఆయన కాసేపు కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకున్నారు. తర్వాత కళ్లు తెరిచి, మెల్లిగా పాదంతో పెడల్ నొక్కారు. వెన్నలా దిగింది.

"చూశావా," అన్నారు. "బ్రేకు బాగానే ఉంది."

నేను తలుపు తీసుకుని నీళ్లలోకి దిగాను.

సాయంత్రం బోర్డు కూర్చుంది. నేను బయట బల్లమీద కూర్చుని రికార్డు రూములో చెదపురుగులని తలుచుకుంటున్నాను. లోపల చాలాసేపు ఫైళ్లు తిరగేస్తున్న చప్పుడే వినబడింది. వాళ్ల ఇబ్బంది నాకు తర్వాత అర్థమైంది. బ్రేకులో లోపం లేదు, విచారణ సంఘం అధ్యక్షులవారు చెరువులో కూడా తనిఖీ చేశారు. నా కాలు బలహీనమని రాస్తే, నాకంటే గట్టిగా రెండు కాళ్లతో తన్నినా ఆపలేకపోయిన అధ్యక్షులవారి కాళ్లని ఏమనాలి? జాయింట్ డైరెక్టరు కాళ్లు బలహీనమని రాసే ధైర్యం ఏ బోర్డుకి ఉంటుంది?

తలుపు తీసి నన్ను లోపలికి పిలిచి చదివారు. "శ్రీ వై. భీమశంకరం ఎడమకాలు ఉన్నతాధికారి పాదములతో అన్ని విధముల సమానమైన సామర్థ్యము కలదిగా రుజువైనది. కావున సదరు కాలిని శాఖాపరమైన ప్రమాణ పాదముగా గుర్తించడమైనది. ఇకపై డ్రైవర్ల పాదములన్నియు దీనితో పోల్చి చూడబడును. ప్రమాదమునకు కారణము చెరువు. వాహనముల దారికి ఎదురుగా చెరువు కలిగియున్నందుకు సదరు రైతు సంజాయిషీ ఇవ్వవలెను."

రైతుని తలుచుకుంటే బాధగానే ఉంది కానీ, నిజం చెప్పొద్దూ, నేను ఎగిరి గంతేశాను. ఉద్యోగం నిలిచింది! స్టీరింగు నాదే! దారిలో పూతరేకులు కొనుక్కుని ఇంటికెళ్లాను. సత్యవేణి ప్రమాణ పాదానికి పసుపు రాస్తానని వెక్కిరించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే విశ్వపతి గారి గదికి పిలుపొచ్చింది. స్టెనో పక్కన కూర్చుని ఏదో రాసుకుంటోంది.

"రేపు కమిషనర్ గారు స్వయంగా వస్తున్నారు. పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ ప్రదర్శన. బజారు రోడ్డులో, జనం చూసేలా. ఆయన వెనకసీట్లో కూర్చుంటారు. బండి నువ్వే నడపాలి," అన్నారు.

"ఏ బండండి?"

"చెరువులోంచి తీసిందే. కడిగించాం. తనిఖీ కూడా అయింది."

"పోర్టికోలోనాండీ?"

"మరెక్కడ?"

నాకు బజారు రోడ్డు కళ్లముందు కదిలింది. గాజుల కొట్లు, అరటిపళ్ల బళ్లు, ఇంటర్వెల్‌కి బయటికొచ్చే బడిపిల్లలు. ఇన్నాళ్లూ ఎవరి ముందు ఏ మాట ఒప్పుకోనని పంతం పట్టానో ఆ మాటే నోట్లోంచి వచ్చేసింది.

"అయ్యా, తమరు మొదట్లో చెప్పిందే రైటండి. నా కాలు బలహీనమేనండి. ఉత్త పుల్ల. నన్ను రికార్డు రూములో వేసేయండి బాబూ, మీకు పుణ్యముంటుంది. దణ్ణం పెడతాను."

"అది కుదరదు," అన్నారాయన శాంతంగా. "నీ కాలు నీ సొంత విషయం కాదిప్పుడు. అది బలహీనమైతే మన శాఖలోని డ్రైవర్ల కాళ్లన్నీ బలహీనమైనట్టే. నా కాళ్లతో సహా."

తాళంచెవి నా చేతిలో పెట్టారు. అందుకుంటుంటే నా ఎడమకాలు గడగడా వణికింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, వంగి, దాన్ని కాసేపు శ్రద్ధగా పరిశీలించారు. తర్వాత స్టెనోవైపు తిరిగారు.

"రాసుకోమ్మా. ప్రమాణ పాదమునకు ఈపాటి వణుకు ఉండవలెను."